కారు పాసయింది గదా, ఇంకేంది?

మా నాయన దగ్గర ఒక కారుంది. 2007 ఫిబ్రవరిలో చెన్నైలో రిజిస్టరైన చిన్న పెట్రోలు బండి. కంపెనీ పేరు చెప్పను. నేను రాయబోయే రోగాలన్నీ ఆ వయసులో ఏ కంపెనీ కారుకైనా వచ్చేవే. 2013లో సెకండ్ హ్యాండ్‌లో కొని దొరవారిసత్రం తెచ్చుకున్నాడు. చెన్నైలో ఎన్నోసీ తీసుకుని, ఇక్కడ మళ్ళీ లైఫ్ టాక్స్ కట్టి, తమిళనాడు నంబరు పీకేసి ఆంధ్రా నంబరు వేయించడానికి తిరిగిన తిరుగుడు ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెప్తాడు. (వేరే రాష్ట్రం బండిని పన్నెండు నెలలకు మించి మన దగ్గర ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి, మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను. మా వైపు తమిళనాడు నంబరుతోనే ఏళ్ళ తరబడి తిరిగే బళ్ళు ఎన్నో మీరు లెక్క పెట్టలేరు. మా నాయన మాత్రం ఆ టైపు కాదు.)

దొరవారిసత్రం అంటే ఎక్కడ అనేవాళ్ళకి.. నాయుడుపేటకీ సూళ్ళూరుపేటకీ మధ్య, హైవే పక్కన. నేలపట్టులో గూడబాతులు చూడ్డానికి వచ్చేవాళ్ళు మా ఊరి మీదుగానే పోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కాగితాల మీద తిరుపతి జిల్లా, నోటికి మాత్రం ఇంకా నెల్లూరు జిల్లానే వస్తుంది. పులికాట్ సరస్సు దగ్గర, సముద్రం గాలి. ఈ గాలి సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

సొంత కారుకి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు. ఆ తర్వాత బండిని చూపించి ఐదేళ్ళకు రెన్యువల్ చేయించుకోవాలి. మా కారుకి 2022 ఫిబ్రవరిలో ఆ గండం వచ్చింది. ఏ ఆఫీసన్నది ఇక్కడ అనవసరం. నేను కూడా వెంట వెళ్ళాను. ఛాసిస్ నంబరు పెన్సిల్‌తో కాగితం మీదికి దించారు. ఇన్‌స్పెక్టరు గారు లైట్లు వెయ్యమన్నారు, హారన్ కొట్టమన్నారు, ఇండికేటర్లు చూశారు, ఆవరణలోనే కాస్త ముందుకీ వెనక్కీ నడిపించి బ్రేకు తొక్కమన్నారు. ఫీజు 600. పది నిమిషాల్లో మా కారు 2027 ఫిబ్రవరి దాకా ఆరోగ్యవంతురాలైపోయింది.

ఆయన్ని తప్పు పట్టడానికి నాకు మనసు రాదు. అక్కడ కిందికి దిగి చూసే గుంత లేదు, బ్రేకు పరీక్షించే రోలర్లు లేవు. వెనకాల ఇరవై బళ్ళున్నాయి. ఉన్న కళ్ళతో ఉన్న టైములో ఏం కనపడితే అది చూశారు.

తేడా వచ్చింది ఆ తర్వాత, ఇంట్లో. వైపర్ రబ్బరు మారుద్దాం నాయనా అంటే "పాసయింది గదా, ఇంకేంది?" బ్రేకు కొంచెం లోపలికి పోతోంది అంటే "గవర్నమెంటే ఐదేళ్ళిచ్చింది, నువ్వు ఎవుర్రా?" మామూలుగా ఏడాదికోసారి సర్వీసుకి తీసుకెళ్ళే మనిషి అది కూడా మానేశాడు. అంటే ఆ కాగితం రాకముందు కంటే వచ్చిన తర్వాతే మా కారు ఎక్కువ ప్రమాదంలో పడింది!

మనలో టెస్టింగ్ చేసేవాళ్ళకి ఈ జబ్బు బాగా తెలుసు. బిల్డ్ పచ్చగా వచ్చిందంటే రాసిన టెస్టులు పాసయ్యాయని అర్థం. రాయని టెస్టుల సంగతి దేవుడికెరుక. పైగా ఆ బిల్డ్ 2022 నాటిది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, దానికి ముందు రెండ్రోజులు మా వైపు ఒకటే వాన. మా వీధిలో నీళ్ళు నిలిచి కారు డోరు అంచు దాకా మునిగింది. నీళ్ళు పోయాక నాయన బ్యాటరీ తీసి ఎండలో పెట్టి, మ్యాట్లు ఆరేసి, స్టార్ట్ చేస్తే స్టార్టయింది. ఇంకేం, బ్రహ్మాండం. ఆర్సీ మీద తారీఖు అలాగే ఉంది.

గత నెల వాట్సాప్‌లో యూకేలో ఉండే నా పాత కొలీగ్ ఒకడు ఒక స్క్రీన్‌షాట్ పంపాడు. అక్కడ వాడు పాత కారు కొనబోతున్నాడు. కారు నంబరు కొడితే చాలు, ఆ కారు ఏడాదికేడాది ఎమ్ఓటీ పరీక్షలో ఏమయిందో ప్రభుత్వం సైట్లో పైసా ఖర్చు లేకుండా కనిపిస్తుంది. ఏ తారీఖున పాసయింది, ఏ తారీఖున ఫెయిలయింది, దేనికి ఫెయిలయింది, అప్పుడు మీటరు ఎంత ఉంది. వాడు చూసిన కారుకి రెండేళ్ళ క్రితం "వెనక బ్రేకు పైపుకి తుప్పు, గమనించుకోండి" అని రాశారు. నిరుడు మళ్ళీ అదే మాట రాశారు. రెండేళ్ళూ కారు పాసే. వాడు మాత్రం ఆ ఓనరు ఎలాంటివాడో అర్థమయి వదిలేశాడు.

బ్రిటన్‌లో ఈ పరీక్ష 1960లో మొదలైంది. మొదట పదేళ్ళు దాటిన కార్లకే, అదీ బ్రేకులు, లైట్లు, స్టీరింగ్ మాత్రమే. ఫెయిలయ్యేవి మరీ ఎక్కువ ఉండడంతో మరుసటి ఏడాదే వయసు ఏడేళ్ళకి దించారు, 1967లో మూడేళ్ళకి. 2018 మే నుంచి లోపాల్ని ప్రమాదకరం, పెద్దది, చిన్నది అని విడదీసి రాస్తున్నారు. మొదటి రెండింట్లో ఏది ఉన్నా ఫెయిల్. ఇవి కాక, ఇప్పటికి లోపం కాదు గానీ కనిపెట్టుకుని ఉండండి అని చెప్పే సలహాలు వేరే. మన బగ్ ట్రాకర్‌లో సివియారిటీ పెట్టినట్టే లేదూ?

నాకు ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. మా కారుకి కూడా ఇలా ఒక జాబితా రాస్తే? 2027లో మళ్ళీ రెన్యువల్ ఎలాగూ ఉంది. అప్పటికి కారుకి ఇరవై ఏళ్ళు. 2021 అక్టోబరులో నోటిఫై చేసి 2022 ఏప్రిల్ నుంచి అమలైన రేటు ప్రకారం పదిహేనేళ్ళు దాటిన కారుకి ఫీజు 5,000, 2025 ఆగస్టులో ఇరవై దాటిన వాటికి 10,000 చేశారు. అంత డబ్బు పెట్టే ముందు బండిలో ఏముందో చూసుకోవద్దూ అని నాయనకి చెప్తే, "సరే, నీ తృప్తి కోసం చూపీ" అన్నాడు. ఆ మాట చాలు నాకు.

సూళ్ళూరుపేటలో గుంత ఉన్న షెడ్డు ఒకటి పట్టుకున్నాం. మెకానిక్ అన్నకి ముందే చెప్పాను, రిపేరు వద్దన్నా, చూసి చెప్పు చాలు, చూసినందుకు డబ్బులిస్తా అని. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. రిపేరు లేకుండా డబ్బులిచ్చేవాణ్ణి మొదటిసారి చూస్తున్నాడనుకుంటా :)

మూడు గంటలు పట్టింది. నేను రాసుకున్నది ఇదీ:

1. బ్రేకు పైపు (ప్రమాదకరం). ఎడమ వైపు వెనక చక్రానికి పోయే ఇనప పైపు మీద తుప్పు పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది. వెనక డ్రమ్ము విప్పితే సిలిండరు రబ్బరు చుట్టూ తడి. బ్రేకు ఆయిలు డికాషన్ రంగులో ఉంది. ఆ ఆయిలు గాల్లో తేమ పీల్చుకుంటుంది, తేమ చేరేకొద్దీ తొందరగా మరుగుతుంది, మరిగి ఆవిరి పుడితే పెడల్ తొక్కినా బ్రేకు పడదు. మామూలుగా రెండేళ్ళకోసారి మార్చాలి. మేం కొన్నాక ఒక్కసారీ మార్చలేదు.

2. నేల తుప్పు (ప్రమాదకరం). డ్రైవరు వెనక సీటు దగ్గర మ్యాట్ ఎత్తి, దాని కింద కార్పెట్ ఎత్తితే పాత న్యూస్‌పేపరు అట్టకట్టుకుపోయి ఉంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే స్క్రూడ్రైవర్ కింద గుంతలో నిలబడ్డ మనిషికి కనపడింది. తుఫాను నీళ్ళు కార్పెట్ కింద ఆరలేదు, ఉప్పుగాలి మిగతా పని చూసుకుంది. బొక్క పెద్దది కాదు. కానీ అది సీటు బెల్టు బోల్టుకి జానెడు దూరంలో ఉంది. బ్రిటన్ పరీక్షలో బెల్టు బిగించిన చోటుకి 30 సెం.మీ. లోపల ఇలాంటి తుప్పుంటే ఫెయిల్. బెల్టు ఎంత గట్టిదైనా అది పట్టుకున్న రేకు ఊడొస్తే ఏం లాభం?

3. టైర్లు (పెద్దది). బటన్లు బాగానే ఉన్నాయి, కొలిస్తే 4 మి.మీ. మన రూల్స్ ప్రకారం కారుకి 1.6 ఉంటే చాలు. కానీ పక్కన నాలుగంకెలు 2314 అని ఉంది, అంటే 2014లో 23వ వారం తయారు. రబ్బరు ఎండి సన్నటి పగుళ్ళు. స్టెప్నీ మీద 0507. కారుతో పాటు పుట్టిందన్నమాట! గుండు కాని టైరు మంచిదే అని మనందరి నమ్మకం. తక్కువ తిరిగే కారుకి టైరు అరగదు, ముసలిదవుతుంది.

4. ముందు సస్పెన్షన్ (పెద్దది). లోయర్ ఆర్మ్ బుష్‌లు చీలిపోయాయి, కుడివైపు బాల్ జాయింట్ ఆడుతోంది. స్పీడ్ బ్రేకర్ మీద "టక్" మని వచ్చే శబ్దం ఇదేనట. దాన్ని మేం అలవాటు చేసుకుని చాలా కాలమైంది.

5. హెడ్‌లైట్లు (పెద్దది). అద్దాలు పసుపెక్కాయి. వెలుగు తగ్గిందని ఎవరో ఎక్కువ వాట్ల బల్బు వేశారు. ఒక లైటు చెట్టు కొమ్మల్లోకి కొడుతోంది. రోడ్డు మాకు కనపడదు, ఎదుటివాడికి మేం తప్ప ఇంకేం కనపడదు.

6. వెనక సీటు బెల్టులు (నా లెక్కలో ప్రమాదకరం). బెల్టులున్నాయి. కొన్న కొత్తలో వేయించిన రెగ్జిన్ సీటు కవర్ల కింద బకిల్స్ కప్పడిపోయాయి. పిల్లల్ని నేలపట్టు తీసుకెళ్ళిన ప్రతిసారీ వెనక సీట్లో అలాగే కూర్చోబెట్టి హైవే ఎక్కాం.

7. హ్యాండ్ బ్రేకు కేబుల్ సాగింది, వైపర్ రబ్బరు బిగుసుకుంది (చిన్నవి).

8. పొల్యూషన్: పాస్. చెన్నైలో 2007లో అమ్మిన కారు కాబట్టి భారత్ స్టేజ్ 3. దానికి కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం, హైడ్రోకార్బన్లు 750 పీపీఎం దాటకూడదు. మాకు 0.31, 390 వచ్చాయి. ఇంజను భేషుగ్గా ఉందని మెకానిక్ అన్న మెచ్చుకున్నాడు. ఆగడం తప్ప పరిగెత్తడం బాగా వచ్చిన బండి!

ఇందులో విచిత్రం ఏమీ లేదు. బ్రిటన్‌లో కార్లు ఎక్కువగా ఫెయిలయ్యేవి కూడా లైట్లు, సస్పెన్షన్, బ్రేకులు, టైర్ల దగ్గరే. మనకి అదనంగా సముద్రం గాలి, తుఫాను, సీటు కవర్లు.

ఇప్పుడు మీ ఫోన్‌లో ఎమ్‌పరివాహన్ తెరిచి మా కారు నంబరు కొట్టండి (నంబరు ఇవ్వనులెండి). ఏం కనిపిస్తుంది? రిజిస్ట్రేషన్ 2027 ఫిబ్రవరి వరకు చెల్లుతుంది. ఇన్సూరెన్స్ ఉంది. పొల్యూషన్ ఉంది. అన్నీ పచ్చ. పైన రాసిన మొదటి ఏడింటిలో ఒక్కటీ కనపడదు.

సరే, పరీక్ష గట్టిగా పెడితే సరిపోతుందా? ఆ దారిలో ప్రయత్నం జరుగుతోంది. 2021లో స్క్రాపింగ్ పాలసీతో పాటు ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లకి రూల్స్ వచ్చాయి. బ్రేకులకి రోలర్లు, సస్పెన్షన్‌కి, హెడ్‌లైట్‌కి, పొగకి యంత్రాలు, చివర్లో ఏది పాస్, ఏది ఫెయిల్ అని వరసగా చెప్పే పత్రం. మంచిదే. అది వచ్చినా మా కారు కార్పెట్ కింద బొక్కని ఏ రోలరూ పట్టుకోదు, దానికి మనిషి వంగి చూడాల్సిందే.

అసలు పరీక్షే దండగ అనే వాదన కూడా ఉంది. న్యూజెర్సీలో ఉన్న మనవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, 2010 ఆగస్టు నుంచి సొంత కార్లకి మెకానికల్ ఇన్‌స్పెక్షన్ తీసేసి పొగ పరీక్ష మాత్రం ఉంచారు. టెక్సాస్ కూడా 2025 జనవరి నుంచి సొంత కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేసింది. పరీక్ష వల్ల ప్రమాదాలు తగ్గాయని గట్టి రుజువు లేదు, జనం డబ్బూ టైమూ పోతోంది అని వాళ్ళ వాదన. ఇదివరకు నేనూ అలాగే అనుకునేవాణ్ణి. పరీక్ష ఒక స్టిక్కరు మాత్రమే ఇస్తే ఆ వాదన నిజమే కావచ్చు. మా ఇంట్లో ఆ స్టిక్కరు చేసిన పని పైన చెప్పాను గదా. కానీ ఒక జాబితా ఇచ్చి, దాన్ని కారు నంబరుకి కట్టేసి, తర్వాత కొనేవాడికి కూడా కనపడనిస్తే? అప్పుడది వేరే వస్తువు. దాని విలువ నాకు ఆ తర్వాత వారం తెలిసింది.

మెకానిక్ అన్న వేసిన లెక్క: బ్రేకు పైపులు, సిలిండర్లు, ఆయిలు కలిపి 9 వేలు, ఐదు టైర్లు 17, సస్పెన్షన్ 8, నేల కోసి కొత్త రేకు వెల్డింగ్ 15, లైట్లు 3. మొత్తం 52 వేలు. "నేల మాత్రం బెల్టు దగ్గర నేను గ్యారంటీ ఇయ్యను సార్" అని కూడా చెప్పాడు. ఆ మాట అన్నందుకు ఆయన మీద గౌరవం పెరిగింది.

కారు అమ్మితే వచ్చేదే అంత. నాయన ఆ రాత్రి ఏం మాట్లాడలేదు. ఆయనకిప్పుడు 71. రాత్రిపూట అమ్మకి ఒంట్లో బాగాలేకపోతే నాయుడుపేటో నెల్లూరో పోవడానికి ఆ కారే దిక్కు. ఆయన మొండితనంలో సగం ఇదేనని నాకు అప్పుడు గానీ వెలగలేదు.

కారు చూపించామన్న సంగతి ఊళ్ళో తెలిసి, అమ్ముతారేమోనని పక్క ఊరి కుర్రాడొకడు వచ్చాడు. చిన్న పిల్లలిద్దరు, తిరుపతి పోయి రావడానికి కారు కావాలట. చుట్టూ తిరిగి చూశాడు. ఇంజను స్టార్ట్ చేసి విన్నాడు. ఫోన్‌లో నంబరు కొట్టి చూసుకున్నాడు.

"ఫిట్‌నెస్ 2027 దాకా ఉండాది గదా పెద్దాయనా. 55 వేలిస్తా, రేపే ట్రాన్స్‌ఫర్ కాగితాల మీద సంతకాలు పెట్టేద్దాం."

నేను ఏం మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే నా మనసులో లెక్క నడుస్తోంది. 55 వేలు. రిపేరు ఖర్చు లేదు. కాగితాలన్నీ సక్రమం. మేం అబద్ధం ఒక్కటీ చెప్పక్కర్లేదు, అతను అడగనిది చెప్పకపోతే చాలు. మనం ఆఫీసులో తెలిసిన బగ్‌తో రిలీజ్ ఇచ్చి, కస్టమరు కనుక్కున్నప్పుడు చూద్దాం అనుకోమూ? నేను అనుకున్నాను. ఒకసారి కాదు.

నాయన లోపలికి పోయాడు. నేను ఆర్సీ తెస్తున్నాడనుకున్నా. నేను రాసిన జాబితా తెచ్చి ఆ అబ్బాయి చేతిలో పెట్టాడు.

"కాగితం ఉండాది నాయనా. ఇది గూడా సదువుకో. రెండోదీ ఆరోదీ సదువు ముందు. నీకు చిన్నపిల్లోళ్ళు గదా."

ఆ అబ్బాయి చదివాడు. వెనక డోరు తీసి మ్యాట్ ఎత్తి చూశాడు. కాసేపటికి, ఇంట్లో అడిగి చెప్తా పెద్దాయనా అని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

మూడేళ్ళకు పైగా "పాసయింది గదా" అన్న మనిషి ఈయనేనా అనిపించింది. అడిగితే, "అప్పుడు నాకు తెలవదు, ఇప్పుడు తెలుసు" అన్నాడు, అంతే. తెలియనంత కాలం ఆ తారీఖుని నమ్ముకున్నాడు. తెలిశాక దాన్ని ఇంకొకడి చేత నమ్మించలేకపోయాడు. కావాల్సింది చెడ్డవాళ్ళని పట్టుకునే పరీక్ష అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. మంచివాళ్ళకి తమ బండిలో ఏముందో చెప్పే పరీక్ష కూడా మన దగ్గర లేదు.

ఇప్పుడు కారు ఇంటి ముందు వేపచెట్టు కింద ఉంది. హైవే ఎక్కడం మానేసింది. బ్రేకులూ టైర్లూ మార్చి ఊళ్ళో నడుపుకుందామా అంటే నేల సంగతి తేలలేదు. రిజిస్టర్డ్ స్క్రాపింగ్ సెంటర్‌కి ఇచ్చేస్తే తుక్కు ధర వస్తుంది, ఒక డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. దాంతో కొత్త బండి కొంటే సొంత వాహనాలకి రోడ్డు టాక్స్‌లో 25 శాతం దాకా రాయితీ ఇవ్వొచ్చని కేంద్రం 2021లోనే చెప్పింది. నాయన ఇంకా అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఈలోగా అమ్మకి అవసరమైతే పిలవడానికి ఇద్దరు ట్యాక్సీవాళ్ళ నంబర్లు గోడ మీద క్యాలెండరు పక్కన రాసి పెట్టాను.

మీలో చాలామంది ఇళ్ళలో ఇలాంటి కారు ఒకటి ఉంటుంది. మనం పట్నంలో కొత్త కారు కొనుక్కుని పాతది ఊళ్ళో పెద్దవాళ్ళకి ఇచ్చేసి ఉంటాం, చాలామందిమి చేసింది అదే. ఈసారి ఊరికి పోయినప్పుడు ఒక గంట కేటాయించండి. టైరు పక్కన నాలుగంకెలు చదవండి. బ్రేకు ఆయిలు డబ్బాలోకి టార్చి వేసి రంగు చూడండి. మ్యాట్ ఎత్తండి, దాని కింద కార్పెట్ కూడా ఎత్తండి. వెనక బెల్టు బకిల్స్ సీటు కవరు పైకి లాగండి, దానికి పైసా ఖర్చు లేదు. గుంత ఉన్న షెడ్డుకి తీసుకెళ్ళి, రిపేరు వద్దు, చూసి చెప్పమని డబ్బులివ్వండి. చెప్పింది కాగితం మీద రాసి, తారీఖు వేసి, ఆర్సీతో పాటు అదే కవర్లో పెట్టండి.

మా జాబితా ఇప్పుడు అక్కడే ఉంది. కింద నాయన సంతకం కూడా పెట్టాడు.